గండి పడిన తర్వాత
(కడపలో యువ రచయితల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. కథలు రాస్తున్న చిన్నవాళ్లకు, రాయాలని తపిస్తున్నవాళ్లకు ఆశీస్సులు.

నాకిచ్చిన అంశం రెండో భాగం. కొట్లాడుకుంటున్న రెండు రాజ్యాలు, వాటి నడుమ ఒక ప్రేమ, మొదటి భాగం ఆఖరి పేజీలో ఒక ద్రోహం, దాని కింద "సశేషం". చదవమని నాకు పంపిన రాతప్రతుల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఈ చోటు దాకా వచ్చాయి, లేదా ఈ చోటు దాటడానికి కష్టపడుతున్నాయి. రాసింది ప్రొద్దుటూరు, నంద్యాల, తాడిపత్రి, హిందూపురం పిల్లలు. పరీక్షల మధ్య, ఉద్యోగాల మధ్య, ఇంటిపని తెమిలాక రాత్రిపూట ఫోన్లో టైపు చేసిన కథలు. మాయలు, మంత్రాలు, మాట్లాడే పక్షులు, ఒంటిస్తంభపు మేడలు అన్నీ తిరిగి మన కథల్లోకి వచ్చాయి. జానపదమంటే చిన్నపిల్లల కాలక్షేపమని తోసెయ్యకుండా ఈ తరం తన ప్రేమనూ కోపాన్నీ అందులో పెట్టి రాస్తోంది. నాకు చాలా గర్వంగా ఉంది. అందుకే మెచ్చుకోలుతో సరిపెట్టి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

మొదటి భాగానికి తనదైన ఊపు ఒకటి ఉంటుంది. వాళ్లిద్దరూ ఎప్పుడు కలుస్తారు, కలిస్తే ఎవరి కంట పడతారు, పడితే ఏమవుతుంది అన్న ఆత్రమే కథను లాక్కుపోతుంది. రెండో భాగానికి ఆ ఆసరా లేదు. ప్రేమ బయటపడింది, ద్రోహం జరిగిపోయింది. ఇక మిగిలింది బాకీ. ఎవరు ఎవరికి ఎంత బాకీ పడ్డారు, అది ఎలా తీరుతుంది అన్నదే ఇక కథ. మన రచయితలు తడబడుతున్నది ఈ లెక్క దగ్గరే.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక కథ అనుకుందాం. ఎగువ రాజ్యం, దిగువ రాజ్యం. రెండింటి సరిహద్దులో ఒక పెద్ద చెరువు. ఆ చెరువు కట్టలో ఒక జలదేవత నిద్రపోతుంటుంది. దిగువ రాజ్యపు రాచబిడ్డ గొంతు వింటేనే తూము తెరుచుకుంటుంది. ఎగువ రాజ్యపు రాకుమారుడు మారువేషంలో వచ్చి నీరుగంటిగా కొలువులో చేరతాడు. ఆయకట్టుకు నీళ్లు పంచే పని. రాకుమారి రోజూ తూము దగ్గరికి వస్తుంది. మాట కలుస్తుంది, మనసు కలుస్తుంది. ఒక పున్నమి రాత్రి ఆమె అతన్ని నమ్మి, దేవత పడుకున్న చోటు చూపిస్తుంది. యుద్ధం వచ్చిన రాత్రి అతడు సరిగ్గా అక్కడే గండి కొట్టిస్తాడు. నీళ్లు కోట తూర్పు గోడను కూల్చి, ఆయకట్టు కింది ఏడు ఊళ్లను ముంచేస్తాయి. ఆమె తండ్రి ఆ రాత్రే చనిపోతాడు. సశేషం.

ఇప్పుడు రెండో భాగం. నేను చదివిన రాతప్రతుల తీరులోనే చెబుతాను. రెండో ప్రకరణంలోనే అతనికి పశ్చాత్తాపం కలుగుతుంది. పదో ప్రకరణం దాకా ఆమె కత్తి పట్టుకుని అతని కోసం వెతుకుతుంది. ఈలోగా ఎక్కడినుంచో ఒక మాంత్రికుడు ఊడిపడి ఇద్దరికీ శత్రువవుతాడు. ఆమె మీదికి వచ్చిన బాణానికి అతడు అడ్డుపడతాడు. నెత్తురోడుతున్న అతని తలను ఒళ్లో పెట్టుకుని ఆమె ఏడుస్తుంది, క్షమించానంటుంది. దేవత కరుణించి అతన్ని బతికిస్తుంది. పెళ్లి జరుగుతుంది.

మరి ఆ ఏడు ఊళ్ల మాటేమిటి?

నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంది. ఆమె నమ్మకాన్ని అతడు వమ్ము చేశాడు. ఆ గాయం ఆమెది. దాన్ని క్షమించడం, క్షమించకపోవడం పూర్తిగా ఆమె ఇష్టం. కానీ నీళ్లలో కొట్టుకుపోయినవాళ్ల తరఫున క్షమించే హక్కు ఆమెకు ఎవరిచ్చారు? రాజు కూతురైనంత మాత్రాన ఆ హక్కు ఆమెకు రాదు. ప్రేయసి క్షమ ఆమె వంతు వరకే. ప్రేయసి కన్నీళ్లతో ప్రాయశ్చిత్తం ముగిసిపోయే కథలో ఊళ్లకు ఊళ్లు మునిగిపోయినా, ఆ చావులు ఇద్దరి ప్రేమ ఎంత గొప్పదో చూపించడానికి మాత్రమే పనికొస్తాయి. నాకు అది అన్యాయంగా తోస్తుంది. ఊహాలోకంలోనైనా అన్యాయమే.

మన నేల మీద ఇలాంటి లెక్క ఒకటి నడిచింది. 1750 డిసెంబరులో తమిళదేశంలోని జింజీ దగ్గర నిజాం నాసిర్ జంగ్ హతుడయ్యాడు. అతని సైన్యంలోనే ఉన్న కడప, కర్నూలు పఠాన్ నవాబులు పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లేతో లోపాయికారీగా చేతులు కలిపిన ఫలితం అది. నాసిర్ జంగ్ మేనల్లుడు ముజఫర్ జంగ్ నిజాం అయ్యాడు. ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని హైదరాబాదుకు బయల్దేరాడు. చేసిన పనికి తగినంత ముట్టలేదని అదే నవాబులు ఈసారి అతని మీద తిరగబడ్డారు. 1751 ఫిబ్రవరిలో, రాయచోటి దగ్గరి లక్కిరెడ్డిపల్లెలో. ముజఫర్ జంగ్ అక్కడే ప్రాణాలు విడిచాడు. కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్ కూడా అక్కడే చనిపోయాడు.

ద్రోహం చేసినవాడు పోయాడు, ద్రోహం వల్ల గద్దెనెక్కినవాడూ పోయాడు. కథకుడికి ఇంతకంటే చక్కని ముగింపు దొరకదు. చరిత్ర అక్కడ ఆగలేదు. సలాబత్ జంగ్‌ను కొత్త నిజాంగా నిలబెట్టుకుని అదే సైన్యం ఉత్తరానికి సాగుతూ దారిలో కర్నూలు మీద పడింది. కోటను పట్టుకుని ఊరిని దోచింది. నవాబు తన ప్రాణంతో చెల్లించాక కూడా మిగిలిన బాకీని కర్నూలు వీధులు చెల్లించాయి. జింజీ ఏ దిక్కున ఉందో కూడా తెలియని మగ్గాలవాళ్లు, గానుగలవాళ్లు, పసిబిడ్డల తల్లులు ఆ వీధుల్లో ఎంతమంది ఉండి ఉంటారో తలచుకోండి. మీలో కర్నూలు నుంచి వచ్చినవాళ్లు కొండారెడ్డి బురుజు పక్కనుంచి రోజూ వెళ్తుంటారు. మీ రెండో భాగపు మొదటి ప్రకరణం ఆ బురుజు నీడలో ఉంది. అంతఃపురంలో లేదు.

గండికోటకు వెళ్లినవాళ్లు జుమ్మా మసీదు దగ్గర కత్తుల కోనేరు చూసే ఉంటారు. యుద్ధం ముగిశాక కత్తులు అందులో కడిగేవారని చెబుతారు. ఆ మాట వినగానే మన ఊహ వీరుడి దగ్గరికి పరుగెడుతుంది, అతని కత్తి, అతని భుజం, అతని గాయం. నేను మిమ్మల్ని ఇంకొక మనిషి దగ్గరికి పంపాలనుకుంటున్నాను. కత్తులు కడిగిన మర్నాడు తెల్లవారుజామున అదే కోనేటికి బిందెతో వచ్చిన ఆడమనిషి ఒకరుంటారు. ఇంట్లో నీళ్లు లేవు. మెట్లు దిగింది. నీళ్ల రంగు చూసింది. బిందె ముంచిందా, వెనుదిరిగిందా? వెనుదిరిగితే ఎక్కడికి వెళ్లింది? ముంచితే ఆ నీళ్లు ఎవరికి పోసింది? ఈ ప్రశ్నలకు జవాబు రాయగలిగినవాళ్లకు రెండు రాజ్యాల యుద్ధం రాయడం వచ్చినట్టే. ఏనుగులు, అశ్వదళాలు ఆ తర్వాత వాటంతట అవే వస్తాయి.

ఊళ్లను ఎలా ఊహించాలో తెలియదని ఒక అమ్మాయి ఉత్తరంలో రాసింది. అమ్మా, ఈ ఊళ్లోనే బ్రౌన్ గ్రంథాలయం ఉంది. మెకంజీ దొర ఊరూరా రాయించిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, అక్కడినుంచి అచ్చయ్యాయి. వాటిలో రాజుల పేర్లు చదివి పక్కన పెట్టేయకండి. ఊరు ఎలా పాడుపడింది, మళ్లీ ఎవరు వచ్చి కట్టుకున్నారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరికి దక్కింది అన్న చోట ఆగి చదవండి.

ఇప్పుడు ద్రోహికి మనం వెతికి ఇచ్చే సాకుల గురించి మాట్లాడాలి. ఇది చాలామంది చేస్తున్నారు కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతాను. "అతడు ఆ పని కావాలని చేయలేదు, మంత్రం వేసి చేయించారు." నేను చదివిన రాతప్రతుల్లో ఈ మలుపు పదేపదే వచ్చింది. రెండో భాగం మధ్యలో రహస్యం బయటపడుతుంది, అతడు నిర్దోషి అని తేలుతుంది, అందరికీ ప్రాణం లేచొస్తుంది. ఇది శకుంతల కథకు కాళిదాసు చేసిన మార్పును గుర్తుకు తెస్తుంది. నాటకంలో దుర్వాసుడి శాపం వల్ల దుష్యంతుడు మరిచిపోతాడు. ఉంగరం దొరకగానే అన్నీ గుర్తొస్తాయి. అందమైన కల్పన, కాదనను. మహాభారతంలో శాపం లేదు, ఉంగరం లేదు. దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. నిండు కొలువులో, తెలిసి తెలిసి, ఆమె ఎవరో ఎరగనంటాడు. అప్పుడు శకుంతల కొడుకును పక్కన పెట్టుకుని రాజుకు ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. వంద బావులకంటే, వంద యజ్ఞాలకంటే, చివరికి వందమంది కొడుకులకంటే ఒక్క నిజమైన మాట గొప్పదని నన్నయ ఆమె చేత చెప్పించాడు. ఒక్క బావి కోసం తరాలు తవ్విన మన సీమలో ఆ మాట బరువు వేరుగా వినిపిస్తుంది.

ఆ శకుంతల అంత ఎత్తున నిలబడిందంటే అతని తప్పు నిజమైన తప్పు కావడం వల్లే. తప్పును మీరు మంత్రం ఖాతాలో వేసిన మరుక్షణం ఆమె కోపానికి ఆధారం పోతుంది. అతని మారుమనసుకూ విలువ పోతుంది, ఎందుకంటే మారవలసిన మనసే అక్కడ లేదు. ద్రోహం కళ్లు తెరుచుకునే చేయించండి. కారణం ఇవ్వండి, ఎంత బలమైన కారణమైనా ఇవ్వండి: చెరలో ఉన్న తల్లి, తండ్రికి ఇచ్చిన మాట, ఎగువ రాజ్యంలో మూడేళ్ల కరువు. కారణం ఉంటే పాఠకుడికి అర్థమవుతుంది. అర్థమైనా బాకీ మాఫీ కాదు.

రాకుమారి సంగతికి వద్దాం. ఆమెను మీరంతా పూర్తిగా మోసపోయినదానిగా రాస్తున్నారు. కానీ దేవత పడుకున్న చోటు చూపించింది ఆమే కదా. రాజ్యం తనకు అప్పగించిన రహస్యాన్ని తన ప్రేమ కోసం ఇచ్చేసింది. మునిగిన ఊళ్లలో బతికినవాళ్లు ఈ మాట అనకుండా ఉంటారా? ఆమె ముందు అనకపోయినా వెనక అంటారు. "ఇంటిగుట్టు లంకకు చేటు" అని విభీషణుణ్ణి ఈనాటికీ అంటున్న జనం మనం. రాముడి పక్షాన ధర్మం ఉందని ఒప్పుకుంటూనే అంటున్నాం. వాల్మీకి మాత్రం అతనికి ఒక న్యాయం చేశాడు. రావణుడు కూలిన తర్వాత విభీషణుడు అన్న కోసం ఏడ్చే ఘట్టం రాశాడు. దహన సంస్కారానికి అతడు వెనకాడితే, వైరం చావుతో ముగిసింది, ఇతడు నీకెంతో నాకూ అంతే, సంస్కారం జరిపించు అని రాముడి చేత చెప్పించాడు.

అలాంటి పేజీ ప్రభావతికి ఉండాలని నాకు ఎప్పటినుంచో కోరిక. పింగళి సూరన మన నంద్యాల ప్రభువు కృష్ణరాజుకు కళాపూర్ణోదయం అంకితమిచ్చిన కవి. ఆయన రాసిన మరో కావ్యం ప్రభావతీ ప్రద్యుమ్నం. శత్రురాజ్యాల ప్రేమకథ రాయాలనుకునేవాళ్లకు అంతకంటే మంచి పాఠం తెలుగులో లేదని నా నమ్మకం. వజ్రనాభుడనే రాక్షసరాజు కూతురు ప్రభావతి. ఆ రాజును మట్టుబెట్టడానికే కృష్ణుడి కొడుకు ప్రద్యుమ్నుడు నటుల బృందంలో కలిసి వజ్రపురిలోకి చొరబడతాడు. అంతకుముందే శుచిముఖి అనే హంస ఇద్దరి మనసులూ కలిపి ఉంచుతుంది. రహస్యంగా పెళ్లి, బిడ్డ, ఆ తర్వాత గుట్టు రట్టు. దీనికి మూలమైన హరివంశంలో, తండ్రి సైన్యం ముట్టడించినప్పుడు ప్రభావతి ఏడుస్తూనే భర్త చేతికి కత్తి అందిస్తుంది. ఆ కత్తి ఎవరి మీదికి వెళ్తుందో ఆమెకు తెలుసు. తండ్రి చనిపోతాడు. గెలిచినవారి కొడుకులు వజ్రపుర రాజ్యాన్ని పంచుకుంటారు.

ఆ కత్తి అందించిన చేయి ఆ రాత్రి ఏ పని చేసింది? బిడ్డకు పాలు పట్టిందా? తండ్రి శవం ఉన్న వైపు వెళ్లగలిగిందా? వజ్రపుర వీధుల్లో మర్నాడు ఆమెను చూసి తలుపులు వేసుకున్న ఇళ్లు ఎన్ని? తెలుగులో ఇంకా ఎవరో ఒకరు రాయవలసిన రెండో భాగం అక్కడ ఉంది. మీ రాకుమారికి ఆ వీధిలో నడవడం నేర్పండి. చేతికి కత్తి ఇచ్చి ప్రియుడి వెంట పరుగెత్తించడం వల్ల ఆమె బలమైన పాత్ర కాదు. తన వంతు తప్పును తాను మోసుకుంటూ, అతని వంతును అతని నుంచి వసూలు చేయగలిగినప్పుడు అవుతుంది.

ప్రాయశ్చిత్తం. ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

మన కథల్లో ప్రాయశ్చిత్తమంటే చావు అన్నట్టు అయిపోయింది. ద్రోహి చివర్లో ప్రాణం ఇస్తాడు, లేదా ఇవ్వబోతాడు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కథ మీకు తెలుసు. కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే కోడలు తనను తాను బలిచ్చుకుంది. కట్టమంచి రామలింగారెడ్డి గారు విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే దాన్ని ముసలమ్మ మరణమనే కావ్యంగా రాశారు. ఆ తల్లికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఒక సంగతి గమనించండి. ముసలమ్మ ఏ తప్పూ చేయలేదు. ఆమెది త్యాగం. తప్పు చేసినవాడు అదే పద్ధతిలో చనిపోతే అది త్యాగంలా కనిపిస్తుంది తప్ప బాకీ తీరదు. గండి అలాగే ఉంటుంది. వచ్చే ఏడు వాన పడితే నీళ్లు నిలవవు. అతడు పోయాడు, మహానుభావుడైపోయాడు, అతని పేరు మీద పాట కట్టారు. పొలం మాత్రం బీడు.

దీని పక్కన ఇంకొక చెరువును పెట్టి చూడండి. పోరుమామిళ్ల. 1369 నాటి శాసనం అక్కడ ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ రాతి మీద చెక్కారు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా చెక్కారు. నాకు ఆ వాక్యం ఏ వీరగాథకూ తీసిపోదు. ఒక కట్ట నిలబడాలంటే ఎంతమంది నడుములు వంగాలో ఆ రాయి దాచకుండా చెప్పింది.

మీ రాకుమారుడి ప్రాయశ్చిత్తం ఆ రెండేళ్లలో ఉంది. గండి కొట్టినవాడు మట్టి మోయాలి. ఒకరోజు కాదు, పాఠకుడు చూసి మెచ్చుకునే ఒక్క దృశ్యంలో కాదు. అతనికి తట్ట ఎత్తడానికి పక్కన నిలబడ్డ మనిషి కొడుకు ఆ నీళ్లలోనే పోయి ఉంటాడు. ఆ మనిషి తట్ట ఎత్తుతాడా? మొదటి రోజు ఎత్తడు. రాకుమారుడే వంగి, తానే ఎత్తుకుని, సగం మట్టి ఒలకబోసుకుంటూ కట్ట ఎక్కుతాడు. కొన్నాళ్లకు ఆ మనిషి ఏమీ మాట్లాడకుండా ఒక చేయి వేస్తాడు. క్షమించి వేయడు. మట్టి ఒలికితే పని ఆలస్యమవుతుందని వేస్తాడు. దయచేసి అంతకంటే ఎక్కువ రాయకండి. ఆ ఒక్క చేయి చాలు. కొందరు ఎన్నటికీ చేయి వేయరు. వాళ్లను చివరి ప్రకరణంలో చెడ్డవాళ్లుగా చిత్రించకండి. క్షమించకపోవడం వాళ్ల హక్కు.

ఆ శాసనంలో ఇంకో విశేషం ఉంది. ఆరు దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. ఈ మాట చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. మీ రాతప్రతుల్లో రెండు రాజ్యాలు ఎందుకు కొట్లాడుకుంటున్నాయని వెతికితే "తరతరాల పగ" అన్న మాట తప్ప ఏమీ కనిపించదు. ఇదిగో, ఆరువందల ఏళ్లకు ముందే మన రాతి మీద కారణం రాసి ఉంది. సరిహద్దులో నీళ్లుంటే ఎవరి తూము ఎప్పుడు తెరవాలి, చెరువు నిండి మరవ పారితే ఎవరి పొలం మునగాలి అన్న తగవు తప్పదు. పగకు ఒక చిరునామా దొరికిందంటే సంధికీ దొరుకుతుంది. సరిహద్దును జరుపుతారా, చెరువును జరుపుతారా, నీరుగంటిని రెండు ఊళ్లవాళ్లూ కలిసి ఎన్నుకుంటారా? రెండో భాగపు రాజకీయమంతా ఇందులో నుంచి పుడుతుంది. పైనుంచి ఊడిపడే మాంత్రికుడి అవసరం ఉండదు.

మరి ప్రేమ ఎక్కడ ఉంది అని అడుగుతారు. ప్రేమకథ రాయమంటే చెరువు కట్ట కట్టిస్తున్నారేమని కూడా అడగవచ్చు. ప్రేమ ఆ కట్ట మీదే ఉంది. ఆమె చేతిలో తాటాకులు, గంటం. ఎవరు ఎన్ని తట్టలు మోశారో లెక్క రాయడం ఆమె పని. అతడు వరుసలో వస్తాడు. ఆమె తలెత్తదు. కానీ ఆ అడుగుల చప్పుడు ఆమెకు తెలుసు. తూము దగ్గర ఎన్ని సాయంత్రాలు ఆ చప్పుడు కోసం ఎదురుచూసిందో మొదటి భాగంలో మీరే రాశారు. చెవులు ఆమె మాట వినవు, గుర్తుపట్టేస్తాయి. దానికి ఆమెకు తన మీద తనకే కోపం వస్తుంది. అతని పేరు దగ్గర గంటం ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత అందరికి గీసినట్టే ఒక గీత గీస్తుంది. ఒక గీత ఎక్కువ గీయదు, ఒకటి తగ్గించదు. ఆ సమానమైన గీతలో ఎంత ప్రేమ ఉందో, ఎంత కోపం ఉందో పాఠకుడు తేల్చుకుంటాడు. వెన్నెల, మల్లెలు, వాన, వీటిని మొదటి భాగంలోనే వాడేశారు కదా. ఇక్కడ వాళ్లు మొదటిసారి మాట్లాడుకునే మాట పని గురించి కావాలి. "తూర్పు వైపు మట్టి నిలవడం లేదు" అని అతడు చెప్పాలి. "రేపు ఇంకో పది బండ్లు వస్తాయి" అని ఆమె అనాలి.

శత్రువు గురించి కొద్దిగా చెప్పి ముగిస్తాను. ఎగువ రాజ్యపు మంత్రి మీ కథల్లో మీసాలు దువ్వుకుని నవ్వడం తప్ప ఏమీ చేయడు. గండికోటను 1650లో పట్టుకున్న మీర్ జుమ్లాను చూడండి. ఇరాన్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి, గోల్కొండకు వజీరయ్యాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ గండికోటలోనే అతన్ని కలిశాడు. కాలివేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీస్తూ జవాబులు చెబుతూ కూర్చున్నాడని రాశాడు. ఆ వేళ్ల మధ్య ఎన్ని ఊళ్ల తలరాతలు ఉన్నాయో! అతడే 1656 నాటికి తన సుల్తానును వదిలి మొగలుల పక్షం చేరాడు. ఆ తగవులో సుల్తాను అతని కొడుకును ఖైదు చేయించాడు కూడా. కోటను పట్టుకున్నవాడే ప్రభువును విడిచిపెట్టాడు. మనిషి ఇలా ఉంటాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా సుల్తాను కాకముందు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో గడిపాడు. 1565లో రామరాయలను కూల్చిన కూటమిలో ఆయనా ఉన్నాడు. అదే ఇబ్రహీంకు అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చాడు. ఆశ్రయం, యుద్ధం, తెలుగు ప్రేమకావ్యం అన్నీ ఒక్క జీవితంలో ఇమిడిపోయాయి. మీ శత్రువుకు ఇందులో నాలుగోవంతు జీవితం ఇచ్చినా కథ నిలబడుతుంది.

చివరికి వాళ్లిద్దరినీ కలపవచ్చా? కలపండి. నేను కోరుకునేదీ అదే. ప్రేమకథ చదివే మనిషిని ఊరికే ఏడిపించి పంపడం గొప్పతనమని నేను అనుకోను. కాకపోతే కట్ట పూర్తయ్యాక కలపండి. తూము తెరవాల్సిన రోజు వస్తుంది. దేవత ఈసారి రాచబిడ్డ గొంతుకు లేవాలా, మట్టి మోసినవాళ్లలో ఎవరి గొంతుకైనా లేవాలా అన్నది మీరు తేల్చండి. ఈ ఒక్క చోట మాయను మీకు నచ్చినంత వాడుకోండి.

ప్రశ్నలు అడగడానికి ఇంకా సమయం ఉంది. రాతప్రతులు తెచ్చినవాళ్లు వాటిని ముందు బల్ల మీద పెట్టి వెళ్లండి. ద్రోహం చేసినవాడు మొదటిసారి ఊళ్లోకి తిరిగి వచ్చే పేజీ దగ్గర ఒక కాగితం ముక్క పెట్టండి. నేను ఆ పేజీనుంచి చదవడం మొదలుపెడతాను.